అద్దం వెనక నాసిగాడు

నేను ఒక పెట్టెను. ట్రంకుపెట్టెను కాను, పోపులపెట్టెను అసలే కాను. నల్లగా, చదరంగా, పాతకాలపు రేడియోకి తమ్ముడిలా ఉంటాను. వెనక ఒక ఫ్యాను, ముందు ఒక పచ్చదీపం, కడుపులో రెండు డిస్కులు. ఇంట్లో ఎవరి ఫోను ఏ మూల పడి ఉన్నా సరే, అందులోని ఫోటోలను గాలిలోంచే లాక్కుని కడుపులో దాచుకోవడం నా వృత్తి. దొంగ వృత్తిలా వినిపిస్తోంది కదూ? మంగాయమ్మగారికీ అలాగే వినిపించింది. ఆవిడ దగ్గరికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

పుట్టింది సముద్రాల అవతల ఒక కార్ఖానాలో. పుట్టగానే అందరిలా ఏడవలేదు, గుర్రుమన్నాను. గుర్రుమన్నాడు కాబట్టి బతికే ఉన్నాడని వీపున ఒక చీటీ అంటించి ఓడ ఎక్కించారు. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. పక్కనున్న ఫ్రిజ్జులు తలుపులు తెరుచుకుని వాంతులు చేసుకున్నాయి. ఆ గందరగోళంలో ఒక తిమింగలం ఓడ పక్కకి ఒత్తిగిలి వచ్చి, "బాబ్బాబు, మా పిల్లల ఫోటోలు రెండు నీ దగ్గర దాస్తావా?" అని నన్నే అడిగింది. నమ్మకపోతే మానేయండి. తరవాత నేను చేరిన మండపేటలోనూ నన్ను ఎవరూ నమ్మలేదు, నాకు అలవాటైపోయింది.

ఓడ దిగి రాజమండ్రి చేరాక నన్ను మొదట కొన్నవాడు ఒక పళ్ళ డాక్టరు. ఇంటికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. ఆయన భార్య నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇందులో మీ అమ్మగారి ఫోటోలు కూడా పడతాయా?" అని అడిగింది. పడతాయన్నాడు అమాయకుడు. మర్నాడు పొద్దున్నే నేను మళ్ళీ కొట్లో ఉన్నాను. కొట్టు యజమాని వరహాలరావు నా ఒళ్ళు తుడిచి, వచ్చిన వాళ్ళకి చూపించడానికని గాజు బీరువాలో నిలబెట్టాడు. అక్కడ చాలాకాలం నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా నా వంక అనుమానంగా చూసి, పక్కనున్న ఇయర్‌ఫోన్లు కొనుక్కుని పోయేవారు.

ఆ తరవాత మంగాయమ్మగారు వచ్చింది.

ఆవిడ మండపేటలో రైసుమిల్లు వారి ఇల్లాలు. గట్టి మనిషి. బియ్యం కొలిచే చోట నిలబడితే గింజలు కూడా సర్దుకుని కూర్చునేవట. అంతటి మనిషి ఒక ఫోటో కోసం తిరుగుతోంది. ఫోటో తమ్ముడిది. గంగిరెడ్డి పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆయన కూతురు ప్రసన్న పెళ్ళి. "నాన్న ఫోటోకి దణ్ణం పెట్టుకోకుండా నేను పీటల మీద కూర్చోను అత్తా" అని ఆ పిల్ల మేనత్త దగ్గర తేల్చి చెప్పేసింది. తీరా వెతికితే, మొహం కనిపించే ఫోటో ఒక్కటీ లేదు.

ఎందుకు లేదంటారా? గంగిరెడ్డికి కెమెరా గిట్టదు. కుర్రతనంలో తీర్థంలో మొదటిసారి ఫోటో తీయించుకుని ఇంటికొచ్చేసరికి పాడిగేదె చచ్చింది. తరవాత ఎవరో బలవంతాన ఇంకోటి తీస్తే ట్రాక్టరు కాలవలో పడింది. మూడోది తీస్తే ఏమవుతుందో చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది. అప్పటినుంచీ ఫోను పైకి లేచిందంటే చాలు, చటుక్కున వెళ్ళి తీసేవాడి వెనక నిలబడేవాడు. తీసేవాడి వెనకున్నవాడు ఫోటోలో పడడని ఆయన లెక్క. లెక్క ఎంత గట్టిదంటే ఎన్నో పెళ్ళిళ్ళు, బారసాలలు, గృహప్రవేశాలు ఆయన లేకుండానే ఆల్బమ్ ఎక్కేశాయి. ఆధార్ కార్డులో ఒక బొమ్మ ఉంది గానీ, దాన్ని పెద్దది చేసి గోడకి తగిలిస్తే పెళ్ళికొచ్చినవాళ్ళు పోలీసులకి కబురు పెడతారు.

అయినా మంగాయమ్మగారు ఆశ వదల్లేదు. "ఎక్కడో ఒకచోట పడే ఉంటాడు. ఎవడి ఫోన్లోనో ఉండే ఉంటాడు. మీరెవరూ సరిగ్గా ఎతకట్లేదు" అని ఇంటిల్లిపాదినీ అనుమానించింది. ఫోటోలన్నీ ఒకచోటికి చేరిస్తే తనే ఒక్కొక్కటీ చూసుకుంటానంది. అందుకని కొడుకు భద్రం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వరహాలరావు కొట్టుకి తెచ్చాడు.

"మూడు రకాలున్నాయండమ్మగారూ" అని మొదలుపెట్టాడు వరహాలరావు. "ఒకటి, ఫోటోలన్నీ నెట్‌లో ఏదో కంపెనీ వాళ్ళ దగ్గర పెట్టుకుని అద్దె కట్టుకోవడం."

"అద్దె కొంపలో పెడితే ఇంటాయన ఎప్పుడు కాళీ చెయ్యమంటాడో ఏం తెలుత్తాది? వద్దు. రెండోది?"

"ఈ చిన్న డిస్కు కొనుక్కుని సొరుగులో పడేసుకోవడమండి. కాకపోతే ఒకటే ఉంటాది. అది చెడితే అన్నీ పోయినట్టే."

"మరి ఆ నల్లటిదేంటి, మూల నుంచి నన్నే చూత్తంది?"

"అదేనండి మూడోది. ఇంట్లో నెట్ డబ్బాకి తగిలించుకుంటే అందరి ఫోటోలూ అదే దాచుకుంటాది. దాన్ని నాస్ అంటారండి."

"నాసా?" ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నావా భద్రం? నాసిరకమని ఆడే ఒప్పేసుకుంటన్నాడు."

"నాసి కాదండి బాబూ, నాస్. ఇంగ్లీషు పేరండి."

"ఇంగ్లీషులో చెప్తే నాసి సరుకు మేలిమైపోద్దేంటయ్యా?"

వరహాలరావు నవ్వుతూనే చెమట తుడుచుకున్నాడు. "ఇందులో రెండు డిస్కులుంటాయండమ్మగారూ. ఒకదానికొకటి అద్దమన్నమాట. ఇందులో ఏది పడితే అందులోనూ అదే పడతాది. ఒకటి చెడినా రెండోదాంట్లో బొమ్మ బొమ్మలాగే ఉంటాది."

ఆ మాటకి ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "అద్దమా? అద్దంలో కుడి ఎడమైపోద్ది కదా. నా కుడిముక్కు పుడక ఎడం పక్కకి పోద్ది. మరి ఫోటోలు తిరగబడవా?"

"అబ్బే, మాటవరసకి అద్దమన్నానండి."

"మాటవరసకి అన్నావో, నిజమే నోరు జారిందో."

భద్రం ఇంజనీరింగ్ చదివినవాడు. ఏదో వివరించబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "అయ్యన్నీ నాకెందుకురా. ఇదిగో అబ్బాయ్, ఇది మా ఇంట్లోనే ఉంటాదా? తాళం ఏసుకోవచ్చా?"

"మీ ఇల్లు, మీ తాళమండి, ఆయ్."

ఆ ఒక్క మాటకే నా జాతకం మారింది. తాళం వేసుకోదగ్గ వస్తువు కాబట్టి నన్ను కొన్నది. అట్టపెట్టె మూతకి సీలు ఎందుకు ఊడిందని కూడా అడిగింది. "చూపించడానికి తీశామండి" అన్నాడు వరహాలరావు. పళ్ళ డాక్టరు సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తాళం అంటే మామూలు తాళం కాదని ఇంటికెళ్ళాక తెలిసింది. ముందుగదిలో ఒక ఇనప బీరువా ఉంది. ఒక తలుపుకి నిలువుటద్దం, రెండో తలుపుకి ఏనుగు తొండమంత పిడి. విలువైనదేదైనా అందులోకే పోతుంది ఆ ఇంట్లో. నన్ను తెచ్చి అద్దం తలుపు వెనక, పట్టుచీరల మధ్య కూర్చోబెట్టారు. తీగలు రావాలి కదా, అందుకని వెల్డింగ్ షాపాయన్ని పిలిపించి బీరువా వీపున చిల్లు పెట్టించారు. "గాలి ఆడదమ్మా, వేడెక్కిపోద్ది" అని భద్రం మొత్తుకున్నాడు. "గాలి ఆడితే దొంగకీ ఆడుద్ది" అంది ఆవిడ. దాంతో వాదన ముగిసింది.

తలుపు వేయబోతూ ఆవిడ ఆగింది. నా పచ్చదీపం పని చేస్తున్నప్పుడు మిణుకుమంటుంది, దాని గుణం అది.

"ఇది కన్ను కొడతందేంటే బిందూ?"

కోడలు హిమబిందు నవ్వాపుకుని, "ఫోటోలు లాగుతుందండి అత్తయ్యా, అందుకే" అంది.

"ఫోటోలు లాగడానికి కన్నెందుకు కొట్టడం? చీరలు కట్టుకునే చోట మగ దీపమేంటి, చోద్యం!" అని తన నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి నా దీపం మీద టపీమని అంటించింది. ఆ రోజునుంచీ నేను గుడ్డివాణ్ణి. పట్టుచీరల కలరా ఉండల వాసన పీలుస్తూ, చీకట్లో, ఆ ఇంటి వాళ్ళ ఫోటోలు మింగుతూ కూర్చున్నాను.

ఇక అనుమానాల సంగతి వినండి. నా మీద మంగాయమ్మగారికి ఒక్కదానికే అనుమానం అనుకున్నాను. కాదు. హిమబిందు తన ఫోను తగిలించడానికి ముందు, తన గదిలోకెళ్ళి తలుపేసుకుని చాలాసేపు ఏవో తుడిచేసుకుంది. ఎందుకంటే అత్తగారు నిద్రలో నోరు తెరిచిన ఫోటోలు పుట్టింటివాళ్ళకి పంపి ఉంది. మామగారు సత్తిబాబుగారైతే, "నా ఫోను పాడైపోయిందే మంగా, అది తగలదు" అని ఎగ్గొట్టబోయాడు. ఆవిడ లాక్కుని తగిలించింది. తాపేశ్వరంలో మిఠాయి కొట్టు ముందు చేతిలో కాజాతో ఆయన నిలబడ్డ ఫోటోలు నా కడుపులోకి వరసగా వచ్చి పడ్డాయి. ఆ మనిషికి చక్కెర జబ్బు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో వండింది కాకరకాయ కూర. నన్ను చూస్తే ఆయన ఈనాటికీ మొహం తిప్పుకుంటాడు.

అన్నీ వచ్చి చేరాయి. ఆఖరికి సొరుగులో అద్దం పగిలి పడున్న భద్రం పాత ఫోన్లు కూడా వెలికితీసి నాకు తినిపించారు. తినిపించాక హిమబిందు వాటిని వీధిలో పాత ఫోన్లకి ప్లాస్టిక్ సామాను ఇచ్చేవాడి సైకిలు మీద వేసి, ఒక నీలం టబ్బు తెచ్చుకుంది. ఆ టబ్బు సంగతి గుర్తు పెట్టుకోండి. టబ్బు వచ్చిందంటే ఆ ఫోన్లలో ఉన్న బొమ్మలకి ఇక నేను తప్ప దిక్కు లేదని అర్థం.

మంగాయమ్మగారు రోజూ భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని ఫోటోలు చూసేది. హిమబిందు రిమోటు నొక్కేది. గంగిరెడ్డి దొరికాడు, కానీ ఎలా దొరికాడు? ఒకచోట మోచెయ్యి. ఒకచోట తువ్వాలు కప్పుకున్న తల. ఒకచోట గోడ మీద నీడ. "ఇది వాడి చెప్పే" అని ఒకచోట చెప్పు చూపించి ఆవిడ ముక్కు చీదింది. పెళ్ళి దగ్గర పడుతోంది. చెప్పుకి దండ వేయలేం కదా.

అప్పుడు హిమబిందుకి నా విద్య ఒకటి గుర్తొచ్చింది. ఫోటోల్లో ఎక్కడ మనిషి మొహం ఉన్నా పట్టుకుని, గుండ్రంగా కత్తిరించి, ఒకే మొహాలన్నీ ఒకచోట పోగేసి, "ఎవరీయన?" అని అడగగలను. ఆ విద్య నడపమని నన్ను ఆజ్ఞాపించింది. ఆ వేసవిలో, మూసిన ఇనప బీరువాలో, పట్టుచీరల నడుమ, ఊపిరాడక, ఫ్యాను అరిగిపోయేలా తిరుగుతూ పోగేశాను. నా దీపం ఎర్రగా మారి "వేడెక్కిపోతున్నాను బాబో" అని మొరపెట్టుకుంటూనే ఉంది. పైన బొట్టుబిళ్ళ ఉంది కదా, ఎవరికి కనపడుతుంది?

ఆ మధ్యాహ్నం ప్రసన్న కూడా వచ్చింది. అందరూ టీవీ ముందు చేరారు. గుండ్రటి మొహాలు వరసగా వచ్చాయి. మంగాయమ్మ, సత్తిబాబు, భద్రం, బిందు, వాళ్ళ బుజ్జిగాడు, పురోహితుడు, పాలవాడు, మిల్లు క్యాలెండర్ మీద వెంకటేశ్వరస్వామి. చిట్టచివర, ఏ పోగులోనూ చేరని ఒక మొహం. బుగ్గలు పూరించి, మెల్లకన్ను పెట్టి, పిల్లలని నవ్వించేవాడిలా ఉంది. కింద నా ప్రశ్న: ఎవరీయన?



"నాన్న" అంది ప్రసన్న.

మంగాయమ్మగారు కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. చేత్తో ఆ మొహాన్ని తాకింది. తరవాత ఆ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాదు."

"అదేంటత్తా, నాన్నే!"

"పుట్టుమచ్చ చూడవే. వాడికి ఎడం బుగ్గ మీద ఉండాలి. నూనె రాసి నీళ్ళు పోసిన దాన్ని, నాకు తెలీదా? ఇది కుడిబుగ్గ మీదుంది." ఆవిడ బీరువా వైపు వేలు చూపించింది. "తిప్పేసింది! నేను ఆ రోజే అన్నానా లేదా? అద్దమన్నాడు. తిరగబడుద్దా అంటే మాటవరసకన్నాడు. మా తమ్ముణ్ణి తిప్పి పడేసిందిరా మీ నాసి పెట్టె!"

"అమ్మా, అలా తిప్పదమ్మా. డిస్కులు అద్దమంటే అర్థం అది కాదు."

"మరి మచ్చ నడిచెళ్ళిందా? ఈడొక్కణ్ణే తిప్పిందో, అందర్నీ తిప్పేసిందో. మీ నాన్న కాజా ఏ చేత్తో పట్టుకున్నాడో ఎవడు చూశాడు?"

"కుడిచేత్తోనే" అన్నాడు సత్తిబాబుగారు. అని నాలిక్కరుచుకున్నాడు.

"ఆ పెట్టెలో అన్నీ చెరిపేసి, ఆ కొట్టాయన మొహాన కొట్టేసిరా. తప్పుడు బొమ్మకి దణ్ణం పెట్టించి పిల్లని పీటల మీద కూర్చోబెడతానా? వాడిది కాని మొహానికి?"

భద్రానికి కూడా విసుగొచ్చింది. రోజుల తరబడి ఇదే గోల. "సరే, నీ ఇష్టం" అని ఫోను తీశాడు. అన్నీ చెరిపేసే చోటికి వెళ్ళాడు. నాకు రెండు డిస్కులున్నాయని మీకు చెప్పాను. చెరిపితే రెంటిలోనూ పోతుందని, అద్దం గుణం అదేనని ఎవరూ చెప్పలేదు. ఆ మొహం తీసిన పాత ఫోను నీలం టబ్బుగా మారిపోయిందని ఆ క్షణాన ఎవరికీ గుర్తు లేదు, టబ్బులో బట్టలు నానబెట్టిన హిమబిందుతో సహా.

కానీ ఆ పిల్ల ఒక మంచిపని చేసింది. అత్తగారు అరుస్తుండగానే, ఆ గుండ్రటి మొహం మీద రిమోటు నొక్కింది. అంటే, మొహం ఒక్కటే కాదు, అది ఉన్న అసలు ఫోటో మొత్తం చూపించమని.

నాకు నోరు లేదు. ఉన్న కన్ను మీద బొట్టు ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. టీవీ మీద చక్రం తిరుగుతూనే ఉంది. అక్కడ "నిజంగా చెరిపెయ్యాలా?" అని భద్రం ఫోను అడుగుతోంది. ఇక్కడ నేను కడుపులో వెతుకుతున్నాను. తుఫాన్లో ఓడ కుదిపినా అంత ఆయాసం రాలేదు. తిమింగలం సంగతి అబద్ధమైనా కావచ్చు గానీ ఇది అబద్ధం కాదు: ఆ ఒక్క ఫోటో పైకి లాగడానికి నాలో ఉన్న గాలంతా తీశాను.

ఫోటో తెరుచుకుంది.

మంచం మీద బుజ్జిగాడు. మొదటిసారి ఆనుకోకుండా కూర్చున్న రోజు. బోసినోరు తెరిచి నవ్వుతున్నాడు. చొక్కా మీద ఇంగ్లీషు అక్షరాలు తిన్నగా ఉన్నాయి. వాడి వెనక ఇదే బీరువా, ఇదే నిలువుటద్దం. అద్దంలో ఫోను పట్టుకున్న భద్రం. భద్రం వెనక, గుమ్మంలో, ఎవరి కంటికీ ఆననంత చిన్నగా, ఫోటోలో పడనని గట్టి ధైర్యంతో నిలబడి, మనవణ్ణి నవ్వించడానికి బుగ్గలు పూరించిన గంగిరెడ్డి.

"ఆగరా" అంది మంగాయమ్మగారు.

భద్రం వేలు గాలిలో ఆగింది.

ఆవిడ టీవీకి ముక్కు ఆనించి చూసింది. గంగిరెడ్డి భుజం పక్కన గోడకి మిల్లు క్యాలెండర్ వేలాడుతోంది. ఏడాది పొడుగునా ఆ క్యాలెండర్ చూసే మనిషి ఆవిడ. "మన మిల్లు పేరు తిరగబడుంది" అంది నెమ్మదిగా. "పిల్లాడి చొక్కా మీద రాతలు తిన్నగానే ఉన్నాయి." తరవాత వెనక్కి తిరిగి, ముందుగదిలోని బీరువా అద్దం వంక చూసింది. "పెట్టె తిప్పలేదు. ఆ అద్దం తిప్పింది."

"తీసేవాడి వెనక నిలబడ్డాడు నాన్న" అంది ప్రసన్న. ఏడుస్తూ నవ్వడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. "అద్దం ముందుందని చూసుకోలేదు."

"పాపం, ఆ రోజు ఏం చచ్చిందో" అన్నాడు సత్తిబాబుగారు.

"ఏదీ చావలేదు" అంది మంగాయమ్మగారు. "బుజ్జిగాడికి ఆ రోజే పన్నొచ్చింది."

బజార్లో ఫోటో స్టూడియో కుర్రాడు మొహం వరకు కత్తిరించి ఇస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ముందు తిప్పమంది. "తిరగబడ్డోణ్ణి మళ్ళీ తిప్పితే మనోడైపోతాడు. మచ్చ ఎడం బుగ్గకొచ్చేవరకు నేను ఇక్కణ్ణించి కదల్ను" అని స్టూలు వేసుకుని కూర్చుంది. మచ్చ ఎడం బుగ్గకి వచ్చింది. క్యాలెండర్ మీద మిల్లు పేరు తిన్నబడింది. పెళ్ళికూతుర్ని చేసిన రోజున బుగ్గలు పూరించిన తండ్రి ఫోటోకి దండ వేశారు. దణ్ణం పెట్టబోయిన పిల్ల ఫక్కున నవ్వింది. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపి, దండ వేసిన ఫోటో ముందు నవ్వడం తను చూడ్డం ఇదే మొదలన్నాడు.

నా విషయానికొస్తే, బీరువాలోంచి నన్ను తీయలేదు. అనుమానం అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు. కానీ ఆ మర్నాడు మంగాయమ్మగారు తలుపు తీసి, నా వీపు మీద చెయ్యి వేసి, "అమ్మో, కాగిపోతన్నాడు" అంది. తలుపు ఓరగా తెరిచి ఉంచమని హుకుం జారీ చేసింది. నా దీపం మీది బొట్టుబిళ్ళ ఊడదీసింది. పారేయలేదు. ఒకసారి నన్ను పరకాయించి చూసి, దీపానికి కాస్త పైగా, నుదురు ఉండాల్సిన చోట మళ్ళీ అంటించింది.

ఇప్పుడు ఓర తలుపు వెనక చల్లగా ఉన్నాను. మొన్న ప్రసన్న కొత్త మొగుడితో వస్తే, ముందుగదిలో అందరినీ నిలబెట్టి హిమబిందు ఫోటో తీసింది. ఆ ఫోటో నా కడుపులోకి వచ్చింది. అలవాటు కొద్దీ మొహాలు ఏరాను. అందరూ తెలిసినవాళ్ళే. చివర్న ఒకటి తెలియలేదు. నల్లటి మొహం, నుదుటన బొట్టు, ఒంటికన్ను పచ్చగా, తలుపు సందులోంచి తొంగిచూస్తూ ఉంది. ఎవరో నాకు పోలిక తట్టలేదు. ఎప్పటిలాగే అడిగాను: ఎవరీయన?

టీవీ ముందు మంగాయమ్మగారు కళ్ళజోడు సవరించుకుంది.

"పేరు కొట్టవే బిందూ" అంది. "నాసిగాడు. మనోడే."